భుజం మీద డోరీ: రంగు కంటే ముందు చూడాల్సినవి

నమస్తే అండీ. మీరు అడిగింది ఇదీ. విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జనవరి 26 పరేడ్ చూశారు. ఒక్కో దళానికి భుజం మీద ఒక్కో రంగు తాడు ఉంది. గవర్నర్ గారి వెనక నిలబడ్డ ఆఫీసర్‌కేమో బంగారు రంగు తాళ్లు. వీటికి అర్థం ఏమిటని మొదటి ప్రశ్న. రెండోది: ఆర్మీలో చేసిన మీ తాతగారి ట్రంకు పెట్టెలో అలాంటి ఎర్ర తాడే, అంటే డోరీ, దొరికింది. ఎన్‌సీసీలో ఉన్న మీ అబ్బాయి వచ్చే పరేడ్‌కి దాన్ని యూనిఫాం మీద తగిలించుకుంటానంటున్నాడు, తగిలించుకోవచ్చా అని.

రెండోదానికి ముందు చెబుతాను, ఆ వయసు పిల్లలు పరేడ్ దాకా ఆగరు కాబట్టి. తగిలించుకోకూడదండీ. అది తాతగారి పల్టన్‌ది, అంటే ఆయన పనిచేసిన దళానిది. ఆ పల్టన్‌లో ఉన్నన్నాళ్లూ ఆయన వేసుకున్నారు. మనవడి ఒంటి మీదున్నది ఎన్‌సీసీ బట్టలు, వాటికి ఎన్‌సీసీ డోరీ వేరే ఉంది.

మొదటిదానికి నా జవాబు మీకు కాస్త నిరాశగా ఉండొచ్చు. రంగుకి విడిగా అర్థం ఏమీ లేదు. ఎరుపంటే ధైర్యం, తెలుపంటే శాంతి అంటూ వాట్సాప్‌లో తిరిగే పట్టికలు నమ్మకండి. ఆ తాడు చెప్పేది ఒక్కటే, ఈ మనిషి ప్రస్తుతం ఏ దళంలో ఉన్నాడు, లేదా ఏ పదవిలో ఉన్నాడు అని. చోటు మారితే తాడు మారుతుంది, ఒక్కోసారి పూర్తిగా తీసెయ్యాలి కూడా.

నేను ఆర్మీలో టైలర్ ట్రేడ్‌లో 17 ఏళ్లు చేశాను. బయటికి వచ్చాక గుంటూరులో యూనిఫాం షాపు పెట్టుకున్నాను. ఎన్‌సీసీ పిల్లలు, పోలీసులు, సెక్యూరిటీ గార్డులు, స్కూలు బ్యాండ్లు, పెళ్లి బ్యాండ్ల వాళ్లు అందరూ వస్తారు. అందరూ అడిగేది "ఆ భుజం మీద తాడు ఉంటుంది చూడండి, అది" అనే. కానీ ఆ తాళ్లు ఒక్క రకం కాదు. అక్కడ నుంచి మొదలుపెడితే మీకు సగం తెలిసిపోతుంది.

ఒకటి లాన్యార్డ్. దీన్నే పల్టన్‌లో డోరీ అంటాం. జడలా అల్లింది గానీ, రెండు మూడు పేటలు పేనింది గానీ ఉంటుంది. భుజం పట్టీ కింద నుంచి వచ్చి జేబులోకి పోతుంది. జేబులో చివర విజిల్ ఉంటుంది, లేదా ఉత్త కొక్కెం ఉంటుంది. ఒకప్పుడు అది పనిముట్టు. చేతిలోంచి కత్తి జారిపోకుండా, గుర్రం మీద పోతుంటే పిస్తోలు పడిపోకుండా, విజిల్ తడుముకోకుండా దొరికేలా కట్టుకున్న తాడు. పని పోయింది, అందం మిగిలింది. ఆ మిగిలిన దానికి ఒక్కో రెజిమెంటు తన రంగులు వేసుకుంది.

రెండోది బంగారు జరీ తాళ్లు, కొసన లోహపు ములుకులు వేలాడుతూ ఉండేవి. ఇంగ్లీషులో ఎగ్విలెట్ అంటారు. ఫ్రెంచిలో సూదిని ఏగ్వీ అంటారు, ఆ ములుకుల వల్లే ఈ పేరు. మీరు గవర్నర్ గారి వెనక చూసింది ఇదే. ఆ ఆఫీసర్ ఏడీసీ, అంటే పెద్ద పదవిలో ఉన్నవారి వెన్నంటి ఉండే సహాయక ఆఫీసర్. మామూలుగా గవర్నర్‌కి ఇద్దరు ఏడీసీలు ఉంటారు, ఒకరు సైన్యం నుంచి, ఒకరు పోలీసు నుంచి. రాష్ట్రపతికి ఐదుగురు: ఆర్మీ నుంచి ముగ్గురు, నేవీ నుంచి ఒకరు, ఎయిర్‌ఫోర్స్ నుంచి ఒకరు. రాష్ట్రపతి ఏడీసీలకి ఇది కుడి భుజం మీద ఉంటుంది. త్రివిధ దళాధిపతులు కూడా రాష్ట్రపతికి గౌరవ ఏడీసీలే, అందుకే వాళ్లకీ కుడి భుజం మీదే కనిపిస్తుంది. ఒక జనరల్ గారి దగ్గరుండే కుర్ర కెప్టెన్‌కి మాత్రం ఎడమ భుజం మీద. అదే జరీ, అదే ములుకు, భుజం మారితే మనిషి పని మారిపోయింది చూడండి.

ఈ ములుకులకి బోలెడు కథలున్నాయి. ఏడీసీ ఆర్డర్లు రాసుకోడానికి పెన్సిల్ కట్టుకునేవాడనేది ఒకటి. తిరుగుబాటు చేసిన సైనికుల్ని ఉరితీస్తామని బెదిరిస్తే, వాళ్లు ఉరితాడూ మేకూ భుజాన వేసుకుని యుద్ధానికి వచ్చారనేది ఇంకొకటి. వినడానికి రెండోదే బాగుంటుంది. టైలర్‌గా నాకు మాత్రం మూడోది నమ్మబుద్ధేస్తుంది: పాతకాలం ఇనుప కవచం ముక్కల్ని కట్టడానికి వాడిన తాళ్లకి, కన్నంలో సులువుగా దూరాలని కొసన లోహపు తొడుగు వేసేవారు. బూటు లేసు కొసన ఉంటుంది కదా, అలాంటిది.

మూడోది మన దగ్గర లేదు గానీ ఇంటర్నెట్‌లో వెతికితే ముందు అదే వస్తుంది కాబట్టి చెబుతున్నా. ఫూరజేర్, ఫ్రాన్స్ వాళ్లది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక్క సైనికుడికి కాకుండా మొత్తం దళానికి ఇచ్చిన గౌరవం. యుద్ధ ప్రశంసల్లో ఆ దళం పేరు రెండుసార్లు వస్తే ఆకుపచ్చ ఎరుపు కలిసిన తాడు, నాలుగుసార్లు వస్తే పసుపు ఆకుపచ్చ, ఆరుసార్లు వస్తే ఎరుపు. రంగుకి లెక్క ఉన్నది ఇక్కడ. అమెరికా మెరైన్లలో 5వ, 6వ రెజిమెంట్లకి అప్పుడు వచ్చిన ఆకుపచ్చ ఎరుపు తాడు ఇప్పటికీ ఎడమ భుజాన వేసుకుంటారు. అయితే ఆ యుద్ధంలో ఉన్నవాడికే అది జీవితాంతం. ఇవాళ ఆ రెజిమెంటుకి పోస్టింగ్ వచ్చిన కుర్రాడు అక్కడున్నంతకాలం వేసుకుంటాడు, బదిలీ అయిన రోజున తీసి లోపల పెట్టాలి.

ఇక మీ ఎర్ర డోరీ సంగతి. "ఆర్మీ, ఎర్ర తాడు" అని వెతికితే మీకు గఢ్వాల్ రైఫిల్స్ వస్తుంది. వాళ్ల కథ తెలుసుకోదగ్గదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఆ రెజిమెంటు వాళ్లు ఇద్దరికి బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. 1914లో ఫెస్టుబెర్ దగ్గర దర్వాన్ సింగ్ నేగీకి, 1915లో నూవ్ షాపెల్ దగ్గర గబర్ సింగ్ నేగీకి. రెండో ఆయన ఆ పోరులోనే చనిపోయారు. 1921లో రెజిమెంటుకి "రాయల్" అనే బిరుదూ, కుడి భుజం మీద ఎర్రగా పేనిన తాడు వేసుకునే హక్కూ వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత "రాయల్" పేరు తీసేశారు. తాడు మాత్రం ఉంచుకున్నారు. నేను ఉత్తరాదిలో ఒక ఆర్మీ స్టేషన్‌లో ఉండగా పక్కనే గఢ్వాలీ పల్టన్ ఉండేది. పరేడ్ ముందు రోజు వాళ్ల జవాన్లు మా దగ్గరికి బట్టలు సరిచేయించుకోడానికి వచ్చేవాళ్లు. చొక్కా మా చేతికి ఇచ్చేవాళ్లు గానీ ఆ తాడు మాత్రం ముందే విప్పుకుని జేబులో పెట్టుకునేవాళ్లు. ఒకసారి ఒక జవాన్‌ని దాన్ని టేబుల్ మీద పెట్టెయ్యమన్నాను. "దీని ఇస్త్రీ నేనే చూసుకుంటాను ఉస్తాద్" అని నవ్వాడు. నిజానికి దానికి ఇస్త్రీ ఉండదు!

అంతమాత్రాన ఎరుపు కనిపించగానే గఢ్వాల్ అనుకోవద్దు. మన గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా మద్రాస్ రెజిమెంటు, ఆర్టిలరీ (ఫిరంగి దళం), ఇంజినీర్స్, ఈఎంఈ (బళ్లు, యంత్రాలు బాగుచేసే దళం), సిగ్నల్స్ లాంటి వాటిల్లో చేరారు. ఎరుపు చాలా డోరీల్లో ఒక పేటగా ఉంటుంది. పైగా 50 ఏళ్లు ట్రంకులో ఉంటే మెరూన్ కూడా ఎరుపులాగే కనిపిస్తుంది. మడతల లోపలి వైపు, ముడి విప్పి చూడండి, వెలుగు తగలని చోట అసలు రంగు ఉంటుంది. అసలైన ఆధారం మాత్రం డోరీ కాదు. క్యాప్ బ్యాడ్జి, భుజం మీది ఇత్తడి అక్షరాలు, డిశ్చార్జి బుక్. ఈ మూడింట్లో ఏ ఒక్కటి దొరికినా రెజిమెంటు తేలిపోతుంది. డిశ్చార్జి బుక్‌లో నంబరు ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఏ రికార్డ్ ఆఫీసుకి రాయాలో వాళ్లు చెబుతారు.

పాత ఫోటో చూసి డోరీ ఏ భుజాన ఉందో తేల్చాలనుకుంటే ఒక జాగ్రత్త. కుడి అంటే వేసుకున్న మనిషి కుడి, చూసేవాళ్ల కుడి కాదు. నవ్వకండి, ఇందులో నేనే బోల్తాపడ్డాను. సర్వీసులో చేరిన కొత్తల్లో ఒక పెద్ద పరేడ్ ముందు ముప్పై పైచిలుకు చొక్కాలకి డోరీ నిలిచే దారపు కాజాలు వెయ్యమన్నారు. ఎదురుగా బొమ్మకి తొడిగిన నమూనా చొక్కా ఉంది. దాన్ని చూస్తూ, నా కుడి చేతి వైపు ఉన్నదాన్ని కుడి అనుకుని అన్నీ కుట్టేశాను. సాయంత్రం మాకు పని నేర్పే ఉస్తాద్ వచ్చి మొదటి చొక్కా చేతిలోకి తీసుకుని ఏమీ అనకుండా నన్నే తొడుక్కోమన్నాడు. తొడుక్కోగానే అర్థమైంది. ఆ రాత్రి రెండింటి దాకా కాజాలు విప్పుతూ కూర్చున్నాను, లాంతరు పట్టుకోడానికి కూడా ఎవరూ రాలేదు.

ఫోటోలు ఒక్కోసారి తిరగబడి ప్రింటవుతాయి, సెల్ఫీలు సరేసరి. అప్పుడు మెడల్స్ చూడండి. తన మెడల్స్ ఏ సైనికుడైనా ఎడమ రొమ్ము మీదే పెట్టుకుంటాడు. ఫోటోలో అవి కుడివైపు కనిపిస్తే ఫోటోయే తిరగబడిందని లెక్క, డోరీ కూడా అటుదిటు అనుకోండి.

తెల్ల డోరీ గురించి ఒక పుకారు ఉంది, అది కూడా ఇక్కడే తుడిచేస్తాను. బ్రిటిష్ ఆర్టిలరీ వాళ్లు ఫిరంగులు వదిలేసి పారిపోయారని, అందుకు శిక్షగా పిరికితనం గుర్తుగా తెల్ల డోరీ వేయించారని మా రోజుల్లో మెస్‌లో చెప్పుకునేవాళ్లు. పూర్తిగా కల్పన. గన్నర్‌కి, అంటే ఫిరంగి దళం సైనికుడికి, జేబు కత్తి ఉండేది, దాంతో గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాళ్లు కూడా తీసేవాడు. దానికి కట్టిన తాడు అది. మొదట ఎడమ భుజాన ఉండేది. ఎడమ జేబు మీదుగా తూటాల పట్టీ వచ్చి కత్తి తీయడానికి అడ్డం పడుతోందని కుడికి మార్చారు. అవమానమూ లేదు, శిక్షా లేదు, జేబు ఇబ్బంది అంతే.

తాడు మనిషిది కాదు, చోటుది అన్నాను కదా. దీనికి మన దేశంలోనే ఈమధ్య పెద్ద ఉదాహరణ వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి ఆర్మీలో బ్రిగేడియర్, ఆ పైన ఉన్నవాళ్లందరికీ ఒకే రకం యూనిఫాం. టోపీ, భుజం మీది ర్యాంకు గుర్తులు, కాలర్ మీది పట్టీలు, బెల్టు, బూట్లు అన్నీ అందరికీ ఒకటే. ఆ ర్యాంకుల్లో ఇక లాన్యార్డ్ లేదు. కర్నల్, ఆ కింది వాళ్లకి ఏ మార్పూ లేదు. కారణం తేలికే: కర్నల్ దాకా మనిషి ఒక పల్టన్‌కి చెందినవాడు. బ్రిగేడియర్ అయ్యాక అన్ని రకాల దళాలూ ఆయన కింద ఉంటాయి. అప్పుడు నా పాత రెజిమెంటు ఇదీ అని భుజాన వేసుకు తిరిగితే మిగతావాళ్లకి ఎలా ఉంటుంది? అది తీసేటప్పుడు కొందరు పెద్దలకి మనసు చివుక్కుమందని విన్నాను. ముప్పై ఏళ్లు వేసుకున్నది కదా. నా మటుకు నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపించింది.

ఆమధ్య మా వీధిలో ఒకాయన ఫోన్ తెచ్చి చూపించాడు. వాళ్ల తమ్ముడి కొడుకు అమెరికా ఆర్మీలో చేరాడు, ఫోటోలో కుడి భుజాన లేత నీలం తాడు. "మెడల్ ఇచ్చారా అండీ?" అని అడిగాడు. మెడల్ కాదు, అది వాళ్ల ఇన్‌ఫాంట్రీ గుర్తు. కొరియా యుద్ధం రోజుల్లో, లాటన్ కాలిన్స్ అనే జనరల్ వాళ్ల సైన్యాధిపతిగా ఉన్నప్పుడు పెట్టారు. ముందు నిలబడి చచ్చేది కాల్బలం, పేరొచ్చేది మిగతావాళ్లకి అనే బాధ పోగొట్టాలని. శిక్షణ పూర్తిచేసిన రోజున ఆ తాడు తగిలిస్తారు, చాలామంది అమ్మానాన్నల చేతే తగిలించుకుంటారు. ఆయన మొహం వెలిగిపోయింది. మెడల్ కాదన్నందుకు ముందు కాస్త మొహం మాడ్చుకున్నాడు లెండి.

పోలీసుల సంగతి క్లుప్తంగా. వాళ్లది విజిల్ డోరీ. ఐపీఎస్ ఆఫీసర్లకి ముదురు నీలం. మిగతావాళ్లకి ర్యాంకునీ రాష్ట్రాన్నీ బట్టి మారుతుంది. మా షాపుకి వచ్చే కానిస్టేబుల్‌కి నేను రంగు చెప్పను, పాతది తెమ్మని దాన్ని పక్కన పెట్టుకుని ఇస్తాను.

ఎన్‌సీసీకి వస్తే, వాళ్ల జెండాలో మూడు రంగులున్నాయి: ఆర్మీకి ఎరుపు, నేవీకి ముదురు నీలం, ఎయిర్‌ఫోర్స్‌కి లేత నీలం. 1954 నుంచి ఆ జెండా ఉంది. మా దగ్గర ఎన్‌సీసీ డోరీ అని అమ్ముడుపోయేది ఆ మూడూ కలిపి పేనిందే. మీ అబ్బాయి డోరీ పోగొట్టుకున్నా, కొత్తది కొనాలన్నా ముందు యూనిట్‌లో పీఐ స్టాఫ్‌ని, అంటే శిక్షణ ఇచ్చే ఆర్మీ వాళ్లని, అడగమనండి. ఏ భుజం, ఎంత జారాలి అన్నది కూడా అక్కడే. యూట్యూబ్ చూసి కట్టుకొచ్చి పరేడ్ గ్రౌండ్‌లో విప్పించుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

కట్టుకునే పద్ధతి ఎక్కడైనా దాదాపు ఇదే. భుజం పట్టీ గుండీ విప్పి, డోరీ ఉచ్చుని చేతి చుట్టూ భుజం మీదికి ఎక్కించి, పట్టీ కింద మెడ వైపుకి జరిపి గుండీ పెట్టాలి. కొస జేబులోకి. జారుముడిని చంక కిందికి పోనివ్వకూడదు. చెయ్యి పూర్తిగా పైకెత్తి సెల్యూట్ చేసి చూడండి. చొక్కా లాగితే బిగువైనట్టు, డోరీ మోచేతి దగ్గర ఉయ్యాలలా ఊగితే వదులైనట్టు. మెలిక పడకుండా పేటలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. దూరం నుంచి చూసే ఉస్తాద్ కంటికి ముందు ఆనేది ఆ మెలికే.

ఉతికే ముందు డోరీ తీసెయ్యాలి. ఇది నూటికి తొంభైమంది చెయ్యరు. చవక ఎర్ర డోరీ రంగు దిగుతుంది. మన మే నెల చెమటకి ఉతక్కుండానే దిగుతుంది! ఖాకీ భుజం మీద గులాబీ మరక పడితే ఆ చొక్కా ఇక ఇంట్లోకే. కొనగానే తడి తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి, గుడ్డకి రంగు అంటితే వెనక్కి ఇచ్చెయ్యండి. నైలాన్ కొస పీచులేస్తే అగ్గిపుల్ల సెగ చూపిస్తే కరిగి అంటుకుంటుంది. నూలు డోరీకి ఆ పని చెయ్యకండి, కాలిపోతుంది. దానికి అదే రంగు దారం గట్టిగా పది చుట్లు చుట్టి కుట్టాలి.

చివరగా చట్టం మాట. సైనికుడు కానివాడు, తనని సైనికుడని నలుగురూ అనుకోవాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు గానీ గుర్తులు గానీ వేసుకుంటే నేరం. పాత ఐపీసీలో 140వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168. మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అబ్బాయి తాతగారి మీద ప్రేమతో వేసుకుంటానంటున్నాడు కాబట్టి ఇది ఆ లెక్కలోకి రాదు, టెన్షన్ పడకండి. పెళ్లి బ్యాండ్ వాళ్ల బంగారు తాళ్లూ రావు, క్లారినెట్ పట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏడీసీ అనుకోరు. నేను షాపులో కాదు పొమ్మనేది వేరే రకాన్ని. పేరు చెప్పడు, ఏ యూనిటో చెప్పడు, "ఆర్మీ వాళ్లది ఫుల్ సెట్ కావాలి" అంటాడు. ఐడీ కార్డు చూపించమంటే మళ్లీ వస్తానని వెళ్లిపోతాడు. మళ్లీ వచ్చినవాడు ఇంతవరకూ లేడు.

మీ తాతగారి డోరీని ఉతకొద్దు, ఇస్త్రీ అసలు వద్దు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తెల్ల నూలు గుడ్డలో వదులుగా చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన వానాకాలం తేమకి బూజు పడుతుంది. కొక్కెం ఇత్తడిదైతే పచ్చ చిలుము పట్టి ఉంటుంది, అది దారానికి పాకకుండా మధ్యలో చిన్న కాగితం ముక్క పెట్టండి. ఫ్రేము కట్టించేట్టయితే గమ్ముతో అంటించనివ్వకండి, వెనక గుడ్డకి నాలుగు చోట్ల దారంతో కుట్టమనండి. ఫోటో కూడా ఉందన్నారు కదా, అందులో టోపీ బ్యాడ్జి దగ్గరగా కనిపించేలా ఒకటి, డోరీ రెండు కొసలూ కనిపించేలా ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. రెజిమెంటు ఏదో చూసి చెబుతాను.